లాకులు మూసిన నాడు

మా పదవ తరగతిలో ఒక కుర్రవాడు కలడు. పాఠ్యపుస్తకముకంటె వార్తాపత్రికలోని ఆటలపుట వానికి ప్రియతరము. వాడొకనాడు ఇంగ్లీషు పాఠము నడుమ లేచి, "మాస్టారండీ, అమెరికాలో 2011లో బాస్కెట్‌బాల్ వాళ్లకి లాకవుటు పడిందని చదివానండి. అంటే మన లాకులు మూసేస్తారే, అలాంటిదేనాండీ?" అని యడిగెను. తరగతి యంతయు గొల్లుమనెను. మేమును నవ్వితిమి. నవ్విన పిదప ఆలోచించితిమి. ధవళేశ్వరములో పుట్టి పెరిగిన పిల్లవానికి లాకనగా ఇంకేమి తోచును? పైగా వాని ప్రశ్న మేమనుకొన్నంత వెఱ్ఱిది కాదని ఆ సాయంకాలము కాలువగట్టున నడచునపుడు మాకు తెలిసివచ్చినది.

తూర్పు డెల్టా ప్రధాన కాలువ మా ఊరి ముంగిటనే పుట్టుచున్నది. కాటను దొర 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్టయే మా ఊరికి పేరు తెచ్చినది. దాని స్థానమున 1982 నాటికి 175 తలుపుల బ్యారేజీ వెలసినది. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుట, గట్లు బలపరచుట, తలుపులు బాగుచేయుట మొదలగు పనులన్నియు అప్పుడే జరుగవలెను. ఆ దినములలో నీరు లేకున్నను లస్కరునకు జీతమాగదు. నీరున్నను లేకున్నను లాకు లాకే. తుప్పు గీకవలెను, పళ్లచక్రములకు గ్రీజు పూయవలెను, గట్టు కాయవలెను. అయితే, పడవలు తిరిగిన కాలమున ఈ మూత అందఱికి నొక్కతీరున ఉండెడిది కాదని మా తాతగారు చెప్పుచుండెడివారు. కాలువ కట్టినపుడు పడవ యజమానికి పడవను గట్టుకెక్కించి తారు పూయించుకొనుటకు తీరిక దొరకెడిది. అదే పడవను త్రాడుకట్టి గట్టువెంట లాగెడి కూలివానికి పస్తు దొరకెడిది. కట్టిన కాలువ ఒక్కటే. మూయుమని చెప్పినవాడు వీరిద్దఱిలో నెవడును కాడు.

లాకవుటన్న మాట మన కార్మిక చరిత్రలో క్రొత్తది కాదు. పనివాడు చేయి ముడుచుకొన్నచో సమ్మె. యజమాని వాకిలి మూసినచో లాకవుటు. పనిచోటును తాత్కాలికముగా మూయుట, పనిని నిలిపివేయుట, పనివారిని కొనసాగింప నిరాకరించుట, ఈ మూడింటిని 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ఈ పేరు క్రిందికే తెచ్చినది. 2009లో లాకవుటు పడిన చిట్టివలస జూటుమిల్లు కథ ఉత్తరాంధ్రమువారికి చెప్పనక్కఱలేదు. కాని మా కుర్రవాడడిగిన లాకవుటు వేఱొక జాతిది. అందు వాకిలి మూయబడినది కోట్లకు పడగలెత్తిన ఆటగాండ్రపై. ఆ మూసినవారు అంతకంటె గొప్ప కోటీశ్వరులైన జట్ల యజమానులు. ఆటవలన వచ్చెడి రాబడిలో ఎవరికెంత పాలు అన్నదే తగవు. 2011 జూలై 1న మొదలైన ఆ బాస్కెట్‌బాల్ లాకవుటు డిసెంబరు 8 వఱకు సాగెను. అంతవఱకు నూటికి 57 వంతులుగా నున్న ఆటగాండ్ర పాలు ఇంచుమించు సగమునకు దిగెను. ఆ తగవులో న్యాయమెవరి ప్రక్క నున్నదో తీర్పు చెప్పు సాహసము మాకు లేదు. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విఱిగినవని మన పెద్దలన్నారు. మేము చూడగోరినది ఆ లేగదూడలను.

ఆట యనగా పదిమంది బంతిని తఱుముట మాత్రమే కాదు. ద్వారముకడ టిక్కెట్టు చింపువాడు, మెట్లమీద వేరుసెనగలమ్మువాడు, కుర్చీలు తుడుచునది, దీపములు చూచువాడు, మంచుహాకీ యైనచో మంచును నున్నచేయు బండి నడుపువాడు, కార్యాలయములో ఉత్తరములు వ్రాయువారు, వీరందఱును ఆటకు అంగములే. వీరిలో పెక్కురకు నెలజీతము లేదు. ఆట యున్న రాత్రికి కూలి. లేని రాత్రికి లేదు. కనుక లెక్క తేలికగనే కట్టవచ్చును. 2011 లాకవుటువలన ఒక్కొక్క జట్టు ఆడవలసిన 82 ఆటలు 66కు తగ్గినవి. పోయిన 16లో సగము సొంతగడ్డపై నాడవలసినవి. అనగా టిక్కెట్టు చింపువానికి సుమారు 8 రాత్రుల కూలి పోయినది. 2012 సెప్టెంబరులో మొదలై 2013 జనవరిలో ముగిసిన మంచుహాకీ లాకవుటున 82 ఆటలు 48కి దిగినవి. అది 17 రాత్రులు. 2004-05లో ఆ మంచుహాకీకే పూర్తి లాకవుటు పడి ఏడాది ఆట యంతయు రద్దయినది. అది 41 రాత్రులు. తుదకు పోరాడిన యిరుపక్షములు చేతులు కలుపుకొని, ఒప్పందముపై సంతకములు చేసి, ఛాయాచిత్రములు తీయించుకొందురు. ఆ 41 రాత్రుల మాట ఒప్పందములో ఏ పుటయందును ఉండదు. ఏలయన ఆ కూలివాడు తగవులో కక్షిదారు కాడు. కక్షి కానివానికి రాజీలో పాలేది?

ఇందు మాకు విచిత్రముగ తోచిన సంగతి యొకటి కలదు. 2011లోనే అమెరికా ఫుట్‌బాల్ లీగునకును లాకవుటు పడినది. ఆ లీగు అధిపతి, ఒప్పందము కుదురు వఱకు తన జీతమును ఒక్క డాలరుగా చేసికొందునని ముందుగనే ప్రకటించెను. పత్రికలు మెచ్చుకొన్నవి. మెచ్చుకొనరాదని మేమనము. కోట్లున్నవాడు ఒక్క డాలరు తీసికొనుట వైరాగ్యమువలెనే కనబడును. కాని కార్యాలయములోని గుమాస్తా జీతము ఏమైనదన్న ప్రశ్నకు అది సమాధానము కాదు. దశమినాడు రెండింతలు భుజించు నేర్పరులు ఏకాదశినాడు చేయు ఉపవాసము మనము చూచినదే కదా.

బేస్‌బాల్ కథలో కొంత వెలుగు కలదు. అందు 2021 డిసెంబరు 2న మొదలైన లాకవుటు 99 దినములు సాగి 2022 మార్చి 10న ముగిసినది. మొదటి వారముల ఆటలు రద్దగునని తెలిసిన వెంటనే ఆటగాండ్ర సంఘమువారు స్టేడియములలో పనిచేయు బీదవారికొఱకు పది లక్షల డాలర్ల నిధిని ప్రకటించిరి. లీగువారును తామొక నిధి పెట్టుదుమనిరి. చివరకు ఆటలన్నియు ఆడబడినవి. వాకిలి మూసిన వారును, మూయించుకొన్న వారును కూడ తమ తగవులో మూడవవాడొకడు కలడని పైకి ఒప్పుకొన్న సందర్భమిది. నిధి చాలునా చాలదా యన్నది వేఱుమాట. ఒప్పుకొనుటయే మాకు ముఖ్యముగ కనబడినది.

2005లో మంచుహాకీ విజేతకిచ్చు స్టాన్లీ కప్పు ఎవరికిని దక్కలేదు. అట్లు దక్కకపోవుట అంతకుముందు 1919లో నొక్కసారియే జరిగినది. అప్పటి కారణము లాకవుటు కాదు, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి. నూఱేండ్లకు మరల మహమ్మారి వచ్చి 2020లో లోకములోని ఆటలన్నింటికి నొక్కమాఱే తాళము వేసినది. ఆ తాళము వేసినవాడు యజమాని కాడు, ఆటగాడు కాడు. అయినను ద్వారముకడ నిలుచువానికి తేడా యేమియు లేదు.

2020 మార్చి 11 రాత్రి బాస్కెట్‌బాల్ ఆటలు నిలిచిపోయినవి. డల్లాసు జట్టు యజమాని మార్కు క్యూబను ఆ రాత్రియే తన స్టేడియములో గంటకూలికి పనిచేయువారికి కూలి ముట్టజెప్పు ఏర్పాటు చేయుదుననెను. మఱునాటికి వాయిదా వేయలేదు. ఆ నెలలోనే ఫిలడెల్ఫియా జట్టు యజమానులు ఉద్యోగుల జీతములలో ఐదవవంతు వఱకు కోయుదుమని ప్రకటించి, దేశమంతయు నోరెత్తి యడుగగా మఱునాడే ఆ కోతను వెనుకకు తీసికొనిరి. ఏప్రిలు 4న ఇంగ్లండులోని లివర్‌పూల్ క్లబ్బు తన చిన్న యుద్యోగులను ప్రభుత్వపు సెలవు పథకములో చేర్చెను. అనగా జీతములో నూటికి 80 వంతులు ప్రజల ఖజానా భరింపవలెను. ఉద్యోగికి నష్టము లేదు. కాని అంతకు కొలది వారముల క్రిందటనే ఆ క్లబ్బు 4 కోట్ల 20 లక్షల పౌనుల లాభము చూపియుండెను. అభిమానులు ఛీ యనిరి. ఏప్రిలు 6న క్లబ్బువారు క్షమాపణ చెప్పుకొని మనసు మార్చుకొనిరి. ఈ రెండు చోట్లను పనిచేసినది చట్టము కాదు, సిగ్గు. ఫిలడెల్ఫియా వారిని మేము గేలిచేయము. సిగ్గుపడి ఒక్క దినములో దిద్దుకొన్న వారిని ఏ మొగముతో గేలిచేయుదుము? ఆ కారణము ముందు చెప్పెదము.

మన దేశములో ఆటగాండ్రపై ఇట్టి లాకవుటు పడినట్లు మేమెఱుగము. మైదానము నలికి, గడ్డి పెంచి, వాన రాగానే పట్టాలు కప్పుకొని పరుగెత్తెడి కూలివారిని మాత్రము ఎఱుగుదుము. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు తుదిపోటీలో మన హైదరాబాదు కుర్రవాడు సిరాజు 21 పరుగులిచ్చి 6 వికెట్లు పడగొట్టెను. లంకజట్టు 50 పరుగులకే కూలెను. బహుమతిగా వచ్చిన 5,000 డాలర్లను ఆతడు మైదానపు పనివారికి ఇచ్చివేసెను. ఆటోరిక్షా నడిపినవాని కొడుకు కనుక వానలో పరుగెత్తువారు ఆతని కంటబడిరేమో. మఱుసటి యేట ఐపీఎల్ ముగిసిన పిదప క్రికెట్ బోర్డువారును పది మైదానముల పనివారికి 25 లక్షల రూపాయల చొప్పునను, విశాఖపట్టణముతో కూడిన మఱి మూడు మైదానముల వారికి 10 లక్షల చొప్పునను ప్రకటించిరి. మంచిదే. అయినను బహుమానము వేఱు, జీతము వేఱు. ఆట జరిగి గెలిచిన సంతోషమున ఇచ్చునది బహుమానము. ఆట జరుగని నెలలో అడుగకయే ఇచ్చునదేదో, దానినిబట్టి జట్టు మనసు తెలియును.

ఇంతవఱకు పరుల సంగతి చెప్పుట తేలికగనే నడచినది. ఇక మా సంగతి.

2020లో మేమొక ప్రైవేటు పాఠశాలలో పనిచేయుచుంటిమి. మాతో కలిపి 22 మంది ఉపాధ్యాయులు. ఆయమ్మలు, బస్సు డ్రైవర్లు, క్లీనర్లు, రాత్రి కాపలావాడు కలిసి 9 మంది. మార్చిలో తలుపులు మూసిరి. యజమానులు పనివారికి పూర్తి జీతమీయవలెనని కేంద్ర ప్రభుత్వము మార్చి 29న వెలువరించిన ఉత్తరువు మే 18 నుండి లేకుండ పోయినది. జూనులో యాజమాన్యమువారు మమ్ము పిలిచి, పిల్లల ఫీజులు వచ్చుట లేదని, ఫోనులో పాఠములు చెప్పు ఉపాధ్యాయులకు సగము జీతమిత్తుమని, బస్సులు తిరుగని డ్రైవర్లకును పిల్లలు లేని ఆయమ్మలకును ఈయజాలమని చెప్పిరి. పిదప వారిలో పెద్దాయన, ఎగతాళికో నిజముగనో, ఇట్లనెను: "మొత్తమైతే ఇంతే. మీరందరూ ఒప్పుకుంటే అదే డబ్బు ముప్పైయొక్క మందికీ సర్దుతాను. మీ వాటా కొంచెం తగ్గుతుంది. చేతులెత్తండి."

లెక్కల మాస్టారు కాగితముపై గీసి చూపెను. ఉపాధ్యాయుల జీతములు నెలకు 3,08,000, తక్కినవారివి 54,000. ఈయదలచినది 1,54,000. అందఱికి జీతమును బట్టి పంచినచో సగమునకు బదులు నూటికి 42 పైచిలుకు వచ్చును. మా జీతము 16,000. సగమైనచో 8,000, పంచుకొన్నచో 6,800. మేము పోగొట్టుకొనునది 1,200 రూపాయలు. అప్పుడు 6,000 జీతపు ఆయమ్మకు 2,500 పైగా దక్కును.

చేయెత్తినవాడు ఒక్కడే. డ్రిల్లు మాస్టారు. ఫోనులో డ్రిల్లు చెప్పించుట కుదరదు గనుక తన సగము జీతమే నిలుచునో నిలువదో తెలియని మనిషి అతడు. చుట్టును చూచి, ఇంకెవరును ఎత్తకపోగా, మెల్లగ దించుకొనెను. మేము బల్లమీది కాగితము వంక చూచుచుంటిమి. మాకు అమ్మాయి కళాశాల ఫీజు ఉండెను, ఇంటి అద్దె ఉండెను. ఇవి అబద్ధములు కావు. కాని ఇరువదిరెండు మందిలో ఏ యొక్కరికిని కారణము లేకపోలేదు. ఆ వారమే మేము ఫోను ముందు కూర్చుండి తొమ్మిదవ తరగతికి పరోపకారమును గూర్చిన శ్లోకమును ప్రతిపదార్థముతో చెప్పితిమి. గొంతు ఎక్కడను తడబడలేదు. ఫిలడెల్ఫియా వారు మఱునాడు దిద్దుకొనిరి. మేము మఱునాడును దిద్దుకొనలేదు, మఱుసటి నెలయును దిద్దుకొనలేదు.

ఆ పిదప చట్టము తెలిసిన మిత్రుని యడిగితిమి. ఇందు మేము నేర్చుకొన్నది వినదగినది. విద్యాసంస్థయు పరిశ్రమయే యని సుప్రీం కోర్టు 1978లో అన్నది. ఉపాధ్యాయుడు మాత్రము చట్టము చెప్పెడి కార్మికుడు కాడని, బోధన ఉదాత్తమైన వృత్తి యని 1988లో అన్నది. అనగా ఆ 31 మందిలో చట్టము దృష్టిలో కార్మికులు ఆయమ్మలును డ్రైవర్లునే కాని మేము కాము! అయినను దానివలన వారికి ఒరిగినదేమి? పని చూపలేక నిలిపివేసిన దినములకు సగము జీతమీయవలెనని 1953లో ఆ చట్టమునకు చేర్చిన నియమము ఫ్యాక్టరీలకును, గనులకును, తోటలకును మాత్రమే చెల్లెను. బడికి చెల్లలేదు. ఉదాత్తవృత్తి వారమైన మాకు సగము, చట్టము పేరు పెట్టి పిలిచిన కార్మికులకు సున్న. ప్రక్కరాష్ట్రమైన తెలంగాణములో 2021 ఏప్రిలున ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకును సిబ్బందికిని నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రభుత్వమిచ్చినది. చదివి, మాకును వచ్చిన బాగుండునని ఆశపడితిమి. అప్పుడైనను ఆ 1,200 మా జ్ఞప్తికి రాలేదు.

డ్రైవర్లలో నొకడు ఇసుక ర్యాంపులో లోడు ఎత్తుచు మాకు కనబడెను. మమ్ము చూచి గమేళా దించి, "బాగున్నారా మాస్టారూ, పాపగారి చదువెలా ఉందండీ?" అని యడిగెను. ఆతడు మా అమ్మాయిని ఆరేండ్లు బస్సులో తీసికొనిపోయినవాడు. మాకు బదులు చెప్పుటకు నోరు రాలేదు.

ఆ వర్షాకాలమున బ్యారేజీ రోడ్డు ప్రక్క గోనెసంచి పఱచుకొని ఆయమ్మ కూరలమ్ముచుండెను. పదునాలుగేండ్లు చిన్నతరగతుల పిల్లల ముక్కులు తుడిచి, వాంతులు కడిగిన చేతులు. మేము సైకిలు దిగి, జేబులోని అయిదువందల నోటు ఆమె చేతిలో పెట్టి, "ఉంచు ఆయమ్మా" అంటిమి. పాపమంత సులువుగ తీరునని అనుకొంటిమి కాబోలు.

ఆమె నోటును కన్నులకద్దుకొని రొంటిని దోపుకొనెను. "ఉండండి మాస్టారండీ," యనుచు సంచి తెమ్మని మా సైకిలు వంక చూపెను. బెండకాయలు రెండు కిలోలు, వంకాయలు రెండు కిలోలు, దొండకాయలు, పచ్చిమిరప, చివరకు గోంగూర కట్టలు, ఒక్కొక్కటి తూచి పైకి లెక్క చెప్పుచు సంచిలో పోయుచుండెను. మేము వద్దు వద్దనుచునే యుంటిమి. "నాలుగొందల అరవయ్యయిందండి," అని, చిల్లర డబ్బా వెదకి రెండు ఇరువది రూపాయల నోట్లు తీసి మా చేతిలో పెట్టెను. "బళ్లు తెరుస్తారంటున్నారు కదండీ. మమ్మల్ని పిలుస్తారంటారా?"

బడి తెఱచిరి. మహమ్మారి రెండవమాఱు ముసరగా మూసి, 2021 ఆగస్టు 16న మరల తెఱచిరి. ఆమెను పిలువలేదు, 4,500కు వేఱొకతె దొరికినది. డ్రిల్లు మాస్టారును రాలేదు. ఆ పై సంవత్సరము మేమును ఆ బడి విడిచి వేఱొక బడికి వచ్చితిమి. ఆ కూరలతో మా యింట వారము దినములు వంట జరిగినది. ఎక్కడివని మా ఇంటివారు అడిగినపుడు చౌకగా వచ్చినవని చెప్పితిమి.

మా కుర్రవానికి ఇంకను సమాధానము చెప్పవలసియున్నది. సోమవారము ఇంగ్లీషు పాఠము మొదటి గంటలోనే కలదు.